రోజువారీ టీమ్ మీటింగా, వారానికోసారి ముఖాముఖీనా?

రోజూ పదిహేను నిమిషాల టీమ్ మీటింగ్‌లో పని ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. కానీ పదిమంది ముందు "నాకిది రావట్లేదు" అని ఎవరూ నోరు విప్పరు. టీమ్ పెద్దదైతే అది హాజరు పట్టీగా మిగులుతుంది.

వారానికి అరగంట బాస్, ఉద్యోగి ఇద్దరే విడిగా కూర్చుంటే అసలు సంగతులు బయటపడతాయి. మొదటి పదిహేను నిమిషాలు ఉద్యోగివే, బాస్ వినాలి. (ఇదే కష్టం!) తర్వాత ఒక్క పొరపాటు తీసుకుని ఏం జరిగింది, దానివల్ల ఏం ఆగింది, ఈసారి ఏం మార్చాలి అన్నది తేల్చాలి. ఒప్పుకున్నవి రెండు వాక్యాల్లో రాసుకుని, వచ్చేవారం అక్కణ్ణుంచే మొదలెట్టాలి. పని ఒత్తిడి పెరగ్గానే ముందుగా రద్దయ్యేదీ ఇదే. తప్పకపోతే ఆ వారంలోనే మరో రోజుకు మార్చండి.

ఒకరి పని మరొకరి పనిమీద ఆధారపడితే రోజువారీ మీటింగ్ ఉంచుకోండి. లేకపోతే దాన్ని మానేసి, ముఖాముఖీ మాత్రం కొనసాగించండి.