అమ్మకు ఒంట్లో బాగోనప్పుడు: ఇంటి చదువా, అమ్మమ్మ ఊరి బడా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉండే మా అక్కకు కీమో (క్యాన్సర్‌కు ఇచ్చే మందుల చికిత్స) మొదలైనప్పుడు ఇంట్లో తేలని ప్రశ్న ఇదే. మూడో తరగతి పిల్లాడిని ఇంట్లోనే చదివించాలా, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో అమ్మమ్మ దగ్గర ఉంచి బడిలో వేయాలా?

ఖర్చు: రెండింటికీ పెద్ద తేడా లేదు. సర్కారు బడిలో ఫీజు ఉండదు.

శ్రమ: ఇంటి చదువు కీమో అయిన నాలుగైదు రోజులు సాగదు. ఓపిక వచ్చాక అక్క పడుకునే ఎక్కాలు అప్పజెప్పించుకునేది. వాడు పలక ఆమె దిండుకు ఆనించి లెక్కలు చేసేవాడు. రోజుకు గంట, అంతే.

భాష: అసలు చిక్కు ఇదే. పర్లాకిమిడిలో మనవాళ్ల పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో రాసేది ఒడియా. పాతపట్నం వెళ్తే తెలుగు గుణింతాల నుంచి మొదలుపెట్టాలి.

రిస్కు: కీమోతో రోగాలను ఎదుర్కొనే తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, అందుకే బడి నుంచి వచ్చే జలుబు కూడా ప్రమాదమే. ఇంట్లో ఉంటే ఆ భయం తక్కువ. కానీ పిల్లాడు రోజంతా వాంతులు, ఏడుపులు చూస్తాడు. దూరంగా ఉంటే అమ్మకు ఏమవుతుందోనని టెన్షన్.

మళ్లీ చేరడం: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని ఆపకూడదు.

చికిత్స కొన్ని నెలలదై, చదువు చెప్పే పెద్దవాళ్లు ఇంకొకరుంటే ఇంట్లోనే ఉంచండి. ఏడాది దాటేలా ఉన్నా, తోడుగా ఆస్పత్రికి వెళ్లేవాళ్లు తప్ప ఇంట్లో ఎవరూ మిగలకపోయినా అమ్మమ్మ ఊరే మంచిది. రోజూ సాయంత్రం అమ్మతో వీడియో కాల్ మాత్రం మానొద్దు.