బూట్ ఫైల్లో డిస్కు పేరు: ఎస్‌డీఏ, యూయూఐడీ, లేబుల్‌లలో ఏది మేలు?

పాలకొల్లు దగ్గర ఒక రైసుమిల్లు ఆఫీసులో లెక్కలు నడిచే లినక్స్ కంప్యూటరు, రాత్రి కరెంటు పోయి వచ్చాక, తొంభై సెకన్లు దేనికోసమో ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో (మామూలుగా లేవకుండా, మరమ్మతు కోసం ఆగే స్థితిలో) ఆగిపోయింది. డిస్కులన్నీ బాగానే ఉన్నాయి, తప్పు నాది. ఎఫ్‌స్టాబ్‌లో, అంటే బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కును ఎక్కడ మౌంటు చేయాలో (వాడుకకు కలపాలో) చెప్పే ఫైల్లో, లెక్కల డిస్కును నేను ఎస్‌డీబీ1 (ఎస్‌డీబీ అనే డిస్కులో మొదటి పార్టిషన్, అంటే మొదటి భాగం) అని రాసి ఉంచాను. ముందురోజు బిగించిన, ఇంకా ఫార్మాటు కూడా చేయని కొత్త డిస్కు ఈసారి ఎస్‌డీబీ అయి కూర్చోగా, పాతది ఎస్‌డీసీకి జరిగింది.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి డిస్కుల పేర్లు కావు, కెర్నెల్‌కు (లినక్స్ మూల ప్రోగ్రాముకు) అవి కనిపించిన వరుస మాత్రమే. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడిన బళ్లలో మూడోది మనది అని గుర్తుపెట్టుకుంటే, రేపటి వరుసలో మూడోది మరెవరిదో అవుతుంది. కంప్యూటరు లేవగానే లినక్స్‌ను లోడ్ చేసే గ్రబ్ ప్రోగ్రాములోని హెచ్‌డీ0, హెచ్‌డీ1 పద్ధతీ వరుస మీద ఆధారపడినదే. పైగా గ్రబ్ 2 డిస్కులను సున్నా నుంచి, పార్టిషన్లను ఒకటి నుంచి లెక్కిస్తుంది కనుక చేత్తో రాసేవారికి తడబాటు ఖాయం.

యూయూఐడీ, అంటే ఫార్మాటు చేసినప్పుడు ఫైల్‌సిస్టమ్‌కు పడే ప్రత్యేక నంబరు, బండి నంబరు ప్లేటు వంటిది. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) అయిన ఈఎక్స్‌టీ4లో ఇది సూపర్‌బ్లాకులోనే (ఫైల్‌సిస్టమ్ వివరాలుండే భాగంలోనే) ఉంటుంది గనుక కేబుల్ మార్చినా, డిస్కును వేరే కంప్యూటరుకు తగిలించినా మారదు. ముప్పై రెండు హెక్స్ అంకెలను (0-9, a-f) చూసి రాయడం కష్టమే అయినా, బీఎల్‌కేఐడీ ఆదేశం చూపినదాన్ని కాపీ చేసుకుంటే సరిపోతుంది. అయితే ఫార్మాటు చేస్తే కొత్త నంబరు పుడుతుంది. డీడీ అనే నకలు ఆదేశంతో డిస్కును యథాతథంగా నకలు తీస్తే రెండు డిస్కులకూ ఒకే నంబరు ఉంటుంది. ఆ రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచి బూట్ చేస్తే ఏది మౌంటు అవుతుందో చెప్పలేము. కాబట్టి నకలును మౌంటు చేయకముందే ట్యూన్2ఎఫ్ఎస్ అనే ఆదేశంతో దానికి కొత్త నంబరు ఇవ్వాలి.

లేబుల్ ఫైల్‌సిస్టమ్‌కు మనమే పెట్టే, మనిషి చదవగలిగే పేరు, అందుకే అది నాకు ఇష్టం. కానీ ఈఎక్స్‌టీ4 దానికి పదహారు బైట్లే ఇస్తుంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి గనుక 'ధాన్యం' పద్దెనిమిది బైట్లయి పట్టదు, 'వరి' తొమ్మిదితో పడుతుంది. రెండు డిస్కులకు ఒకే లేబుల్ పెట్టినా అడ్డుచెప్పేవారు లేరు.

ఇంకోటి పార్ట్‌యూయూఐడీ. ఈ నంబరు ఫైల్‌సిస్టమ్‌ది కాదు, పార్టిషన్‌ది. ఫార్మాటు చేసినా నిలుస్తుంది. రూట్ పార్టిషన్‌ను (లినక్స్ ఉండే ముఖ్య పార్టిషన్‌ను) యూయూఐడీతో వెతకడానికి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) సాయం కావాలి, పార్ట్‌యూయూఐడీని మాత్రం కెర్నెల్ స్వయంగా పోల్చుకోగలదు. రాస్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు బోర్డులకు అందుకే ఇది సరైనది.

మామూలు ఆఫీసు కంప్యూటరుకు నా ఓటు యూయూఐడీకే. రాత్రికి ఇంటికి పట్టుకెళ్లే బ్యాకప్ డిస్కులకు మాత్రం లేబుల్ మేలు: రెండు డిస్కులకూ కావాలనే ఒకే లేబుల్ పెట్టి, ఒక్కోరోజు ఒక్కటే తగిలిస్తే, ఎఫ్‌స్టాబ్‌లో ఒక్క వరుసే రెండింటికీ చాలుతుంది. ఆ వరుసలో నోఫెయిల్ అని చేర్చడం మరవకూడదు. అది ఉంటే డిస్కు ఇంట్లో మరచిపోయి వచ్చిన రోజున కూడా కంప్యూటరు ఎమర్జెన్సీ మోడ్‌కు పోకుండా లేస్తుంది.