499 రూపాయలు పెట్టి ‘ఇయాంథీ’ అనే పేరుకి అర్థం కొన్నాను, రివ్యూ ఇదిగో

రేటింగ్ ముందే చెప్పేస్తా. ఐదుకి ఒకటిన్నర. ఆ అర కూడా డబ్బు కట్టిన రెండు నిమిషాల్లో పీడీఎఫ్ మెయిల్‌కి వచ్చినందుకు.

అసలు సంగతేంటంటే, మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. మరిదిది గ్రీకు కుటుంబం, వాళ్ల అమ్మానాన్నలు థెస్సలొనీకి నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడ్డారు. పుట్టబోయేది ఆడపిల్ల అని అక్కడ డాక్టర్లు ముందే చెప్పేశారు. మన దగ్గరైతే బారసాల దాకా నింపాదిగా ఆలోచించుకోవచ్చు, అక్కడ ఆసుపత్రిలో ఉండగానే బర్త్ సర్టిఫికెట్ కాగితాలు చేతికిచ్చి నింపమంటారట, అందుకని ఎనిమిదో నెల నుంచే ఇంట్లో టెన్షన్. దానికి తోడు గ్రీకు వాళ్లకీ మనలాగే తాతమ్మల, నానమ్మల పేర్లు పెట్టే ఆనవాయితీ ఉంది. తండ్రి వైపు నానమ్మ పేరంటే మరియా, గ్రీసులో అన్నిటికంటే ఎక్కువ వినిపించే ఆడపేరు అదే. చెల్లికేమో ఎవరికీ లేని పేరు కావాలి. చివరికి మరిది ‘ఇయాంథీ’ అన్నాడు, వాళ్లమ్మ కూడా సరేనంది. వీడియో కాల్‌లో మా అమ్మ విని, “ఏంటీ, వాంతా?” అంది.

అమ్మని ఒప్పించే పని నా మీద పడింది. అందుకే ఈ యాప్. పేరు చెప్పను, ఇలాంటివి ఓ యాభై ఉన్నాయి, అన్నిటి లోపలా ఇదే సరుకు అని ఇప్పుడు తెలిసింది. ఉచితంగా చూపించేది మూడు ముక్కలు: మూలం గ్రీకు, అర్థం ఊదా పువ్వు, పాపులారిటీ 87 శాతం. దేంట్లో 87? ఎవరిని అడిగి 87? దాని మీద నొక్కితే “పూర్తి రిపోర్టు 499 మాత్రమే” అని వచ్చింది. కట్టాను. తప్పు నాదే.

పద్నాలుగు పేజీల రిపోర్టు. అదృష్ట రంగు, అదృష్ట వారం, రాయి, నాయకత్వ లక్షణాలు, “కొన్నిసార్లు మొండిగా ఉంటారు” (ఏ పిల్ల ఉండదండీ?). అర్థం దగ్గర మాత్రం మళ్లీ అదే “ఊదా పువ్వు”, ఈసారి రంగు అక్షరాల్లో. తొమ్మిదో పేజీకి వచ్చేసరికి మూలం “గ్రీకు/సంస్కృతం” అయిపోయింది, అర్థం “లక్ష్మీదేవి” అట. ఏ పేరైనా చివరికి లక్ష్మీదేవి దగ్గరో, సూర్యకాంతి దగ్గరో తేలుతుంది ఈ యాప్‌లలో.

న్యూమరాలజీ పేజీ ఇంకా ముచ్చట. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో (Ianthe) ఆరు అక్షరాలు తీసుకుని కూడి, మొత్తం 30, అంటే 3 అని తేల్చింది. కానీ పేరు గ్రీకుది కదా, గ్రీకులో రాస్తే ఐదక్షరాలే, ‘థ’ ధ్వనికి థీటా అని ఒకే అక్షరం. పైగా పాతకాలం గ్రీకులు అక్షరాలనే అంకెలుగా వాడేవాళ్లు, ఒక్కో అక్షరానికి ఒక విలువ ఖాయంగా ఉండేది. అలా వేస్తే అయోటా 10, ఆల్ఫా 1, న్యూ 50, థీటా 9, ఈటా 8, మొత్తం 78. ఏడూ ఎనిమిదీ పదిహేను, ఒకటీ ఐదూ ఆరు. నాకు న్యూమరాలజీ మీద నమ్మకం లేదు, కానీ నమ్మేవాళ్లకైనా లెక్క సరిగ్గా వేసివ్వాలిగా! ఇంకో ‘ఏ’, ఇంకో ‘ఈ’ కలిపితే కలిసొస్తుందని సలహా కూడా ఉంది.

విసుగొచ్చి ఆ రాత్రి నేనే కూర్చున్నా. బిహైండ్ ది నేమ్ అని ఒక సైటుంది, 1996 నుంచి నడుస్తోంది, పైసా అడగదు, చూడ్డానికి పాతగా ఉంటుంది కానీ పేరుని ఏ భాషలో ఏ మాట నుంచి ఎలా వచ్చిందో విడదీసి చెప్తుంది. దానికి నేనిచ్చేది నాలుగున్నర. ‘ఇయాన్’ అంటే వయొలెట్ పువ్వు, ‘ఆంథోస్’ అంటే పువ్వు, రెండూ కలిస్తే ఇయాంథీ. అంటే ఊదా రంగు పూసుకున్న ఏదో ఒక పువ్వు కాదు, వయొలెట్ అనే ఫలానా పువ్వు. ఈ తేడా నాకు చిన్నదిగా అనిపించలేదు, మల్లెని “తెల్ల పువ్వు” అంటే ఊరుకుంటామా?

ఆ తీగ పట్టుకుంటే ఎంతో దొరికింది. అయోడిన్‌కి ఆ పేరు వచ్చింది వయొలెట్ రంగు అనే గ్రీకు మాట నుంచే, దాని ఆవిరి ఆ రంగులో ఉంటుంది కాబట్టి. చామంతిని ఇంగ్లిష్‌లో క్రిశాంథిమమ్ అంటారు చూడండి, అందులో ఉన్నదీ ఈ ‘ఆంథోస్’ కుటుంబమే, బంగారు పువ్వు అని అర్థం. (మన ‘చామంతి’లో ‘అంతి’ వినపడటం మాత్రం కాకతాళీయం, ఆ యాప్ వాళ్లకి చెప్పకండి, రేపే రిపోర్టులో పెట్టేస్తారు.) అమ్మ మెత్తబడింది మాత్రం వేరే దాంతో. చిన్నప్పుడు మాకు దగ్గొస్తే యునానీ మందుల షాపు నుంచి బనఫ్షా తెచ్చి కషాయం కాచేది, హైదరాబాద్ వాళ్లకి తెలిసే ఉంటుంది. ఆ బనఫ్షా వయొలెట్ పువ్వే. “అయితే దగ్గు మందు పేరన్నమాట” అంది. వాంతి నుంచి దగ్గుకి వచ్చాం, మెరుగే అనుకున్నా.

ఇక ఈ పేరున్న వాళ్ల కథలు. రిపోర్టులో “ప్రముఖులు” అని ఖాళీ పెట్టె ఒకటి ఉంది. నిజానికి హెసియడ్ అనే ప్రాచీన గ్రీకు కవి, ఓషియానస్ అనే జలదేవుడి కూతుళ్లైన జలకన్యల పేర్లు వరసగా చెప్తూ ఇయాంథీని కూడా చెప్పాడు. డిమిటర్ దేవత మీద ఉన్న పాత స్తోత్రంలో, ఆవిడ కూతురు పెర్సెఫొనీని, పచ్చిక బయల్లో పూలు కోస్తుండగా పాతాళ రాజు ఎత్తుకుపోయిన ఘట్టం ఉంటుంది, ఆ రోజు ఆమెతో పూలు కోస్తున్న చెలికత్తెల్లో ఇయాంథీ ఒకతె. ఆ కోసిన పూలలో వయొలెట్లు కూడా ఉన్నాయి. వయొలెట్ పేరున్న పిల్ల వయొలెట్లు కోస్తూ ఉండటం నాకెంత నచ్చిందో!

రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథ ఇంకోటి. క్రీట్ దీవిలో ఒకాయన, ఆడపిల్ల పుడితే చంపేయమని భార్యకి చెప్తాడు. ఆడపిల్లే పుడుతుంది, తల్లి మగపిల్లాడని అబద్ధం చెప్పి ఇఫిస్ అని పెంచుతుంది. పెళ్లీడు వచ్చాక ఇయాంథీతో సంబంధం కుదురుతుంది, ఇద్దరికీ ప్రేమ, పెళ్లి రేపనగా ఐసిస్ దేవత ఇఫిస్‌ని మగవాడిగా మార్చేస్తుంది. ఇది చెప్తుంటే అమ్మ మధ్యలోనే, “శిఖండి కథే కదే, ఆ పిల్లకి కూడా దశార్ణ రాజు కూతుర్నిచ్చి చేస్తే గుట్టు బయటపడలా? యక్షుడు కాపాడలా?” అంది. భారతం తగిలేసరికి ఆవిడ వియ్యపురాలికి ఫోన్ చేయమంది కూడా. 1813లో ఇంగ్లిష్ కవి షెల్లీ తన కూతురికి ఈ పేరు పెట్టుకున్నాడని, 1868లో కనిపెట్టిన 98వ గ్రహశకలానికీ ఇదే పేరని చెప్పబోతే అప్పటికే వినడం మానేసింది.

పాపులారిటీ విషయానికొస్తే, 87 శాతం అన్నది శుద్ధ అబద్ధం. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ సంస్థ వాళ్లు 1880 నుంచి ఏ ఏడు పుట్టిన పిల్లల్లో ఏ పేరు ఎంతమందికి పెట్టారో లెక్కలు ఉచితంగా ఇస్తారు. ఐదుగురి కంటే తక్కువమందికి పెట్టిన పేరైతే అసలు చూపించరు, పిల్లల్ని గుర్తుపట్టే వీలుండకూడదని. వాళ్ల సైటులో చూపించేది మొదటి వెయ్యి పేర్లు, ఈ మధ్య ఏళ్లవి తిప్పి చూస్తే ఇయాంథీ ఎక్కడా లేదు. గ్రీకు పేరంటే అరుదు అనుకోవడానికీ లేదు, సోఫియా గ్రీకే, 2011 నుంచి 2013 దాకా అక్కడ ఆడపిల్లల్లో మొదటి స్థానం దానిదే. క్లోయీ, జోయీ, పెనెలొపీ కూడా గ్రీకులే, స్కూల్లో టీచర్ పిలిస్తే ఇద్దరు తల తిప్పుతారు. ఇంకోటి, ఆ లెక్కల్లో ఒక్కో స్పెల్లింగ్‌ని వేరే పేరుగా లెక్కేస్తారు, కాబట్టి యాప్ చెప్పినట్టు రెండక్షరాలు కలిపితే అరుదైన పేరు ఇంకా అరుదవుతుంది, పిల్ల మాత్రం జన్మంతా కౌంటర్ దగ్గర స్పెల్లింగ్ చెప్పుకుంటూ నిలబడాలి.

ఇంగ్లిష్ వాళ్లు ‘అయాంథీ’ అంటారు, గ్రీకు వాళ్లు ‘ఇయాన్థి’ అంటారు, రిపోర్టు ‘ఇయాంథే’ అని రాసింది, పలికి వినిపించే బటన్ నొక్కితే ‘లాంతే’ అంది. మా వీధిలో అందరూ ‘జయంతి’ అనే అంటారు, అది నాకు ముందే తెలుసు.

డబ్బు వెనక్కివ్వమని మూడు మెయిళ్లు పెట్టాను. డబ్బు రాలేదు, “మీ అభిప్రాయం మాకు విలువైనది” అని రెండు ఉచిత రిపోర్టుల కూపన్లు వచ్చాయి. ఒకటి మా వదిన పేరు మీద వాడా, లావణ్య. మూలం లాటిన్ అని వచ్చింది. లవణం నుంచి వచ్చిన మాటండీ బాబూ అది, ఉప్పు! ఇంకో కూపన్ అలాగే ఉంది, ఎవరికైనా కావాలంటే అడగండి.