105 షిఫ్టర్లు, డియోర్ డిరెయిలర్, స్రామ్ క్యాసెట్: ఎనిమిది నెలల తర్వాత

ముందే చెప్పేస్తా, నా సైకిల్ గేర్లకి వేసిన ఈ మూడు కంపెనీల (షిమానో, స్రామ్, కేఎంసీ) కలగలుపు సెటప్ నాకు బాగా నచ్చింది. షిఫ్టర్ అంటే హ్యాండిల్ దగ్గర గేరు మార్చే మీట, డిరెయిలర్ అంటే చైన్‌ని పక్క చక్రం మీదకి జరిపేది, క్యాసెట్ అంటే వెనక ఉండే పళ్ల చక్రాల గుత్తి. వైజాగ్‌లో ఉంటూ ఘాట్లు ఎక్కే ఎవరికైనా ధైర్యంగా చెప్తా, వేసుకోండి అని. కాకపోతే డబ్బా మీద గేర్ల సంఖ్య చూసి మాత్రం పార్టులు కొనకండి.

నా బండికి ఉన్నది షిమానో 105, 5700 సిరీస్, 2010లో వచ్చిన 10 స్పీడ్ (వెనక పది పళ్ల చక్రాలు) రోడ్ సెట్. ముందు 50, 34 పళ్ల చక్రాలు (50/34), వెనక 11 నుంచి 28 పళ్ల వరకు (11-28). బీచ్ రోడ్డుకి అది బ్రహ్మాండంగా సరిపోతుంది, కైలాసగిరి కూడా లేచి నిలబడి తొక్కితే ఎక్కేస్తాం. అరకు ఘాట్ అలా కాదు, ఎక్కుతూనే ఉండాలి, 34-28 మీద మోకాళ్లు పట్టేస్తాయి. అందుకని వెనక పెద్ద చక్రం 32 పళ్లది ఉండాలనుకున్నా. చిక్కేంటంటే నా 105 డిరెయిలర్ కేజ్ (చైన్‌ని బిగువుగా పట్టే చేయి) పొట్టిది, ముందూ వెనకా కలిపి 33 పళ్ల తేడా వరకే చైన్ వదులును లాగి పట్టుకుంటుంది. 50/34కి 11-32 కలిస్తే ఆ తేడా 37 (ముందు 16, వెనక 21) అవుతుంది.

పొడవు కేజ్ ఉన్న మౌంటెన్ బైక్ డిరెయిలర్ కావాలని షాపులో అడిగితే, మీది 10 స్పీడే కదా సార్ అని షిమానో వాళ్లదే 10 స్పీడ్ డియోర్ ఇచ్చారు. నాకూ సబబుగానే అనిపించింది. బిగించాక చూస్తే మూడు క్లిక్కులు నొక్కితే చైన్ రెండు చక్రాలే కదిలింది. చివరి మూడు పెద్ద చక్రాలు అసలు అందనే లేదు. కేబుల్ టెన్షన్ ఎంత మార్చినా అంతే, రెండు సాయంత్రాలు పోయాయి.

తర్వాత లెక్క వేసుకుంటే విషయం తేలింది. నా షిఫ్టర్ ఒక్కో క్లిక్కుకి కేబుల్‌ని సుమారు 2.3 మి.మీ. లాగుతుంది. 10 స్పీడ్ క్యాసెట్‌లో ఒక చక్రం నుంచి పక్క చక్రానికి దూరం 3.95 మి.మీ. అంటే లాగిన కేబుల్‌కి 1.7 రెట్లు కదిలే డిరెయిలర్ కావాలి. 10 స్పీడ్ మౌంటెన్ డిరెయిలర్ 1.2 రెట్లే కదులుతుంది, అంటే 2.76 మి.మీ. 9 స్పీడ్ మౌంటెన్ డిరెయిలర్ మాత్రం పాత రోడ్ డిరెయిలర్ల లాగే 1.7. అందుకే 9 స్పీడ్ డియోర్ ఎం591 తెచ్చి పెట్టా, అరగంటలో ఇండెక్సింగ్ (ఒక్కో క్లిక్కుకి ఒక్కో చక్రం మారడం) కుదిరింది. షిమానో రోడ్ సెట్టే అయిన టియాగ్రా 4700 ఉన్నవాళ్లు ఇది చేయకండి, అది 10 స్పీడే అయినా కేబుల్ లాగే లెక్క 11 స్పీడ్ వాటిది.

క్యాసెట్, చైన్ దగ్గర ఈ తలనొప్పి లేదు. స్రామ్ షిఫ్టర్ 3.1 మి.మీ. లాగుతుంది, దాని డిరెయిలర్ 1.3 రెట్లు కదులుతుంది, గుణిస్తే మళ్లీ దాదాపు నాలుగు మిల్లీమీటర్లే. చక్రాల మధ్య దూరం ఇద్దరిదీ ఒకటే కాబట్టి స్రామ్ పీజీ-1050 క్యాసెట్ నా వెనక చక్రం హబ్‌లోకి నేరుగా దిగిపోయింది. చైన్ కేఎంసీ ఎక్స్10. పాత చైన్‌ని అలాగే వాడొద్దు, 32కి పొడవు చాలదు. ముందూ వెనకా పెద్ద చక్రాల మీద చుట్టి కొలిచాకే కట్ చేయండి.

రోడ్డు మీద ఎలా ఉందంటే, 28 నుంచి 32కి వెళ్లడంతో తొక్కుడు 12 శాతం పైనే తేలికైంది, ఘాట్‌లో చాలా తేడా తెలుస్తుంది. గేర్ పడే శబ్దం 105 డిరెయిలర్ అంత మెత్తగా లేదు, కొంచెం గట్టిగా టక్కుమంటుంది, కానీ తప్పడం లేదు. నాకు నిజంగా బాధ కలిగించేది 14 పళ్ల చక్రం పోవడం. 13 తర్వాత నేరుగా 15. భీమిలి వైపు ఎదురుగాలిలో 13 బరువు, 15 మరీ తేలిక, మధ్యలో కాలికి లయ దొరకదు. గుంటల రోడ్డు మీద పొడవు కేజ్ వల్ల చైన్ ఊగి ఫ్రేమ్‌కి కొట్టుకుంటుంది, చైన్‌స్టే (చైన్ పక్కన వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేమ్ గొట్టం) మీద పాత ట్యూబు చుట్టేశా.

ఇంకొకటి, మొన్న గేర్లు ఉన్నట్టుండి బరువెక్కితే కలగలుపు వల్లేనేమో అనుకున్నా. రబ్బరు హుడ్ వెనక్కి మడిచి చూస్తే షిఫ్టర్ లోపల కేబుల్ తల దగ్గర నాలుగు పోగులు తెగి ఉన్నాయి. కొత్త కేబుల్ వేశాక మళ్లీ మామూలుగా పడుతున్నాయి.