పాత వీఎంసీకి లైనక్స్‌సీఎన్‌సీ: ఆరు నెలలు నడిపాక

బాలానగర్‌లో నాది మూడు మిషన్ల జాబ్‌వర్క్ షెడ్డు. అందులో పాత వీఎంసీ, అంటే కంప్యూటర్ నడిపే నిలువు మిల్లింగ్ మిషన్, కంట్రోలర్ పోయి ఏడాదిన్నర మూలన పడి ఉంది. మోటార్లు, డ్రైవ్‌లు, బాల్ స్క్రూలు మాత్రం బాగున్నాయి. కొత్త కంట్రోలర్‌కి చెప్పిన రేటు మా వల్ల అయ్యేది కాదు. చివరికి లైనక్స్‌సీఎన్‌సీ 2.9 వేశాం. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్లు 1990లలో చేసిన ఈఎంసీ అనే ప్రోగ్రాం నుంచి పుట్టిన, మామూలు పీసీతో మిషన్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఇది, పూర్తిగా ఉచితం. ఖర్చంతా పీసీని డ్రైవ్‌లకి కలిపే మెసా 7ఐ77 కార్డుకి, దాని జోడీ కార్డుకి, వైరింగ్‌కి, పీసీకి అయింది. నేను సర్వో ట్యూనింగ్ గురించే రాస్తాను, అంటే మోటార్లు కమాండ్‌ని ఎంత గట్టిగా వెంబడించాలో అంకెలతో సరిచేయడం. మా డబ్బు పోయిందీ, తిరిగొచ్చిందీ అక్కడే.

మొదట ఒక టెక్నీషియన్‌ని పిలిచాం. ఆయన పని అంతా చెవితోనే. గెయిన్ (తప్పుకి మోటార్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) పెంచుకుంటూ పోతాడు, మిషన్ కూత పెట్టగానే కాస్త తగ్గిస్తాడు. ఎక్స్‌కి ఒక అంకె, వైకి ఇంకో అంకె పెట్టి సాయంత్రానికి వెళ్లిపోయాడు. మర్నాడు అల్యూమినియం ఫ్లాంజ్‌లో 50 మి.మీ. బోర్ తిప్పాం. గేజ్ పెడితే ఎక్స్ మీదా వై మీదా కొలత బాగానే ఉంది, 45 డిగ్రీల్లో మాత్రం కోడిగుడ్డు. ఫీడ్ బాగా తగ్గిస్తే గుండ్రంగా వస్తోంది. జీ02 (గడియారం దిశలో తిరగడం) తీసి జీ03 (ఎదురు దిశ) పెడితే గుడ్డు రెండో వైపు వాలుతోంది. పన్నెండు ఫ్లాంజ్‌లు వెనక్కొచ్చాయి. బ్యాక్‌లాష్ (స్క్రూల్లో లూజు) అనుకుని రెండు రోజులు స్క్రూలు విప్పి చూశాం. అసలు సంగతి ఏమిటంటే, ఎక్స్, వై రెండు యాక్సిస్‌లూ కమాండ్‌కి ఒకే దూరంలో వెనక నడవడం లేదు.

అప్పుడు హాల్‌స్కోప్ తెరిచాను, మిషన్ లోపలి సిగ్నల్స్‌ని గీతలుగా చూపించే కిటికీ. లైనక్స్‌సీఎన్‌సీలో యాక్సిస్ అనే పేరున్న స్క్రీన్‌లో మెషీన్ మెనూలోనే ఉంటుంది. ఒక గీతకి వేగం, ఇంకో గీతకి ఫాలోయింగ్ ఎర్రర్ (కమాండ్‌కి స్లైడ్ ఎంత వెనకబడిందో) ఇచ్చి, ఎఫ్‌ఎఫ్1 (వేగాన్ని బట్టి ముందే ఇచ్చే తోపు) సున్నా చేసి, పీ (అసలు గెయిన్) 50 పెట్టి ఎక్స్‌ని 3000 ఫీడ్‌లో అటూ ఇటూ నడిపాం. నిమిషానికి 3000 అంటే సెకనుకి 50 మి.మీ. దాన్ని పీ 50తో భాగిస్తే 1. ఎర్రర్ గీత ఒక మి.మీ. దగ్గరే బల్ల పరిచినట్టు నిలబడింది. ఇరవై ఏళ్లుగా గెయిన్ అనే మాట వాడుతున్నాను, దాని అర్థం ఆ రోజు కళ్లారా చూశాను.

ఎఫ్‌ఎఫ్1 0.9కి పెంచితే ఆ బల్ల 100 మైక్రాన్లకి దిగింది, 1.0 దగ్గర నేలకి ఆనింది. ఇంకా పెంచితే గీత సున్నాకి అవతలి వైపు పోయింది, అంటే స్లైడ్ కమాండ్ కంటే ముందు పరిగెడుతోంది. వేగం అందుకునే చోటా, తగ్గే చోటా మిగిలిన రెండు కొమ్ములు ఎఫ్‌ఎఫ్2 (వేగం మారేటప్పుడు ఇచ్చే తోపు)లో చాలా చిన్న అంకె వేస్తే అణిగాయి.

మా సీనియర్ ఆపరేటర్ స్క్రీన్ వైపు చూడలేదు. టేబుల్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. పీ పెంచుకుంటూ పోతుంటే, 90 దాటగానే "సార్, వణుకుతోంది" అన్నాడు. సరిగ్గా అప్పుడే గీత మీద సన్నని రంపపు పళ్లు మొదలయ్యాయి. ఆయన చెయ్యి, ఆ గీత ఒకే మాట చెప్పాయి. 70కి దించి, వైకీ అదే 70 పెట్టాం. దిశ మారే చోట 10 మైక్రాన్ల ముల్లు ఇంకా ఉంది. అది స్లైడ్ రాపిడి పట్టు. ఐ (మిగిలిన తప్పుని పోగుచేసి సరిదిద్దే అంకె) పెంచితే తగ్గినట్టే అనిపించింది గానీ, మిషన్ ఆగాక అక్కడక్కడే కదలడం మొదలుపెట్టింది. వెనక్కి తీసేశాం.

దీనికి ఐదుకి నాలుగున్నర మార్కులు ఇస్తాను, అర మార్కు ఎందుకు కోస్తున్నానో కూడా చెప్పాలి. మేం చేసినట్టు చేస్తే ప్రతి అంకె మీరే కూర్చుని వెతుక్కోవాలి. మా డ్రైవ్‌లు అనలాగ్‌వి, వేగాన్ని అదుపు చేసే లోపలి వెలాసిటీ లూప్‌ని ముందు డ్రైవ్ మీది పాట్‌లు (చిన్న తిప్పుడు స్క్రూలు) తిప్పి సరిచేసుకోవాలి. అది వదులుగా ఉంటే బయట పీ ఎంత మార్చినా దండగే. 2.9లో ఎస్-కర్వ్ (వేగాన్ని కుదుపు లేకుండా మెల్లగా పెంచే పద్ధతి) లేదు, కాబట్టి బరువైన టేబుల్ ఉంటే యాక్సిలరేషన్ తగ్గించుకోక తప్పదు. పీసీ కొనేముందు లేటెన్సీ టెస్ట్ (పీసీ సమయానికి స్పందిస్తోందో చూసే పరీక్ష) నడపండి. నేను మొదట తెచ్చిన సెకండ్ హ్యాండ్ పీసీ అందులోనే తప్పింది. ఫెర్రర్ లిమిట్ (ఫాలోయింగ్ ఎర్రర్ ఇంత దాటితే మిషన్ ఆగాలనే హద్దు) మొదట్లో కాస్త ఎక్కువ పెట్టుకోండి, లేకపోతే ప్రతి రెండు నిమిషాలకీ మిషన్ ఆగిపోయి టెన్షన్. కానీ వేగం తక్కువలో ఉంచి, ఎమర్జెన్సీ స్విచ్ మీద ఒక మనిషిని నిలబెట్టాకే పెంచండి. ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో చెప్పే పరికరం) వైరు తిరగబడితే టేబుల్ ఒక్క దూకు దూకుతుంది.

ఈ అంకెలు మార్చే కాలిబ్రేషన్ కిటికీ నాకు బాగా నచ్చింది. మిషన్ ఆన్‌లో ఉండగానే అంకె మార్చి చూసి, నచ్చితే ఫైల్‌లో దాచుకోవచ్చు, నచ్చకపోతే పాతదానికి పోవచ్చు.

రెండు షిఫ్టులు నడిచే షాపు, పాడైతే గంటలో మనిషి రావాలనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు. నేర్చుకునే ఓపిక, మూలన పడ్డ మంచి మిషన్ ఉన్నవాళ్లకి మాత్రం ఐదుకి నాలుగున్నర ఇస్తాను.

అదే ఫ్లాంజ్ మళ్లీ చేశాం, అదే ఫీడ్‌లో. జీ02, జీ03 రెండింటిలోనూ 45 డిగ్రీల తేడా 8 మైక్రాన్లు దాటలేదు. పార్టీ ఈసారి నలభై ముక్కలకి ఆర్డర్ ఇచ్చాడు.