ఓడుతున్న అండర్-19 రగ్బీ జట్టు: ముందు స్క్రమ్మా, టాకిలా?

వేర్వేరు క్లబ్బుల నుంచి ఎంపికైన కుర్రాళ్లు కలిసి సాధన చేసే రోజులే తక్కువ. స్క్రమ్ అంటే రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది గుంపుగా వంగి, ఒకరినొకరు నెట్టుకుంటూ బంతి కోసం పోటీపడటం. టాకిల్ అంటే బంతి పట్టుకున్నవాణ్ని పట్టి పడేయడం. రెండూ ఒకేసారి బాగుపడవు.

ఖర్చు: స్క్రమ్‌కు బరువైన యంత్రం కావాలి. టాకిల్‌కు ప్యాడ్లు, కోన్లు చాలు.

శ్రమ: స్క్రమ్ ఎనిమిది మందిది. టాకిల్ పదిహేను మందిదీ.

రిస్కు: స్క్రమ్ కూలితే ముందు వరుసవాళ్ల మెడకే ప్రమాదం, శిక్షణ లేనివాణ్ని అక్కడ నిలబెట్టనే కూడదు. టాకిల్‌లో తల తప్పు వైపు పెడితే ఎదుటివాడి మోకాలో తుంటో తగులుతుంది. తల అతని వెనకవైపుకి, భుజం నడుం కిందికి, చేతులు గట్టిగా చుట్టి, కాళ్లు ఆపకుండా. ముందు నడకలో నేర్పి, తర్వాతే వేగం పెంచండి.

లాభం: అండర్-19 నిబంధనల ప్రకారం స్క్రమ్‌ను 1.5 మీటర్లకు మించి నెట్టకూడదు. అంచేత అక్కడ ఎంత బలమున్నా కలిసొచ్చేది కొంతే.

సొంత స్క్రమ్‌లోనే, అంటే బంతిని మీ జట్టే లోపలికి వేసే స్క్రమ్‌లోనే, బంతి పోతుంటే స్క్రమ్ చూడండి. బంతి దక్కుతున్నా ట్రైలు (ఎదుటివాళ్లు మీ గోల్ గీత దాటి బంతిని నేలకు తాకించి సాధించే పాయింట్లు) ఇచ్చేస్తుంటే టాకిలే. రెండు జబ్బులూ ఉంటే, మా మాట టాకిల్‌కే.