సమాన కూలా, ఇంటిపనికి జీతమా?

పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టి పొట్టు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. జీడి నూనె తగిలి వేళ్లు నల్లబడతాయి, పొక్కుతాయి. వీళ్లకు ఏది మేలు?

1976 సమాన వేతన చట్టం ఒకే పనికి, ఒకే తరహా పనికి కూలిలో ఆడా మగా తేడా చూపొద్దంది. మగవాళ్లను బట్టీ దగ్గర, ఆడవాళ్లను పొట్టు దగ్గర విడగొట్టి పెడితే మాత్రం ఒకే పని అన్నమాటే ఎగిరిపోతుంది. ఇది పెద్ద లోపం.

ఇంటిపనికి జీతమివ్వాలన్న ఉద్యమం 1972లో ఇటలీలో మొదలైంది. వంట, నీళ్లు, పిల్లలు కూడా శ్రమేనని తేల్చినందుకు ఆ వాదనంటే నాకు గౌరవం. కానీ ఆ జీతం చూపించి "ఇంట్లోనే ఉండమ్మా" అంటేనో? ఫ్యాక్టరీలో పక్కపక్కన కూర్చున్న తోడు పోతుంది.

నేను సమాన కూలివైపే. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి మొగుడు అన్నం వండి ఉంచాలి, అదీ షరతు.